తాకిడి బలం: సిమ్యులేషన్ చెప్పే అంకెను ఎంతవరకు నమ్మాలి?

బాల్ బేరింగుల్లో ఉండేలాంటి ఉక్కు గోళీ ఒకటి తీసుకుందాం. వ్యాసం 2 సెంటీమీటర్లు, బరువు 33 గ్రాములు. దాన్ని దళసరి ఉక్కు పలక మీదికి 5 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే సెకనులో పదో వంతులో కిందికి చేరుతుంది. పలకను తాకేటప్పటికి దాని వేగం సెకనుకు సుమారు 1 మీటరు. టక్కుమని మోగి మళ్లీ పైకి ఎగురుతుంది. ఇందులో వింతేమీ లేదు. ఇదే పనిని కంప్యూటరుకు అప్పగించి, కాలాన్ని సెకనులో వెయ్యో వంతు ముక్కలుగా కోసి, ఉక్కు గట్టిదనాన్ని ఉన్నదున్నట్టు ఇచ్చి, అన్నిటికంటే సాదా పద్ధతిలో లెక్క కట్టమంటే మాత్రం గోళీ సెకనుకు దాదాపు 15 కిలోమీటర్ల వేగంతో పైకి దూసుకుపోతుంది. భూమి ఆకర్షణను తప్పించుకుని పోవడానికి 11.2 కిలోమీటర్ల వేగం చాలు.

ప్రోగ్రాములో దోషమేమీ లేదు. ఒక అడుగు (లెక్కలో ఒక కాలం ముక్కను అలా అంటారు) ముందు గోళీ పలకకు ఆనుకునేంత దగ్గరలో ఉంది, ఇంకా తాకలేదు. వెయ్యో వంతు సెకనులో అది 1 మిల్లీమీటరు కదులుతుంది. కాబట్టి తర్వాతి అడుగులో ప్రోగ్రాముకు కనిపించేది, పలకలోకి మిల్లీమీటరు దిగబడిన గోళీ. ఉక్కు గోళీని ఉక్కు పలకలోకి అంత లోతు నొక్కాలంటే ఎంత బలం కావాలని సూత్రాన్ని అడిగితే 4.86 లక్షల న్యూటన్లు అంటుంది. అంటే నిండా సరుకు ఎక్కించిన ట్రెయిలర్ లారీ బరువు, దాదాపు 50 టన్నులు. ఆ బలాన్ని 33 గ్రాముల గోళీ మీద మరో వెయ్యో వంతు సెకను పాటు ఉంచితే అది అంతరిక్షంలోకి పోక ఏం చేస్తుంది?

వాస్తవంలో ఆ తాకిడి మొత్తం, మొదటి స్పర్శ నుంచి గోళీ విడివడేదాకా, 69 మైక్రోసెకన్లలో ముగిసిపోతుంది. ప్రోగ్రాము వేసిన ఒక్క అడుగు అసలు సంఘటన కంటే దాదాపు 15 రెట్లు పొడవు. గోళీ, పలక కలిసి లోపలికి నొక్కుకునేది 23 మైక్రోమీటర్లు, తలవెంట్రుక మందంలో సగం కూడా కాదు. ఆ కాసేపట్లో బలం సున్నా నుంచి 1,740 న్యూటన్ల దాకా ఎగబాకి మళ్లీ సున్నాకు దిగుతుంది. ఆ శిఖరం గోళీ బరువుకు 5,400 రెట్లు. సెకనులో పదో వంతు నెమ్మదిగా సాగే కథ, దాని చివర కంటికి అందని ఒక విస్ఫోటం. రెండింటినీ ఒకే లెక్కలో ఇమడ్చడమే మల్టీబాడీ సిమ్యులేషన్ (ఎన్నో భాగాలున్న యంత్రాల కదలికను కంప్యూటరులో లెక్కించే పని) రాసేవారికి ఉన్న పెద్ద తలనొప్పి.

పై అంకెలకు ఆధారం హైన్రిష్ హెర్ట్జ్ సిద్ధాంతం. ఈయన విద్యుదయస్కాంత తరంగాలను చూపించిన హెర్ట్జే. 1880 క్రిస్మస్ సెలవుల్లో, 23 ఏళ్ల వయసులో, బెర్లిన్‌లో భౌతికశాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ దగ్గర సహాయకుడిగా ఉన్నప్పుడు ఆయన మనసు గాజు కటకాల మీద ఉంది. రెండు కటకాలను ఒకదానిపై ఒకటి నొక్కితే కాంతి వలయాలు కనిపిస్తాయి. నొక్కిన బలానికి గాజు కొద్దిగా వంగితే ఆ వలయాలు ఎలా మారతాయన్నది ప్రశ్న. దాన్ని తేల్చబోయి, వంపు తిరిగిన రెండు వస్తువులు ఒత్తుకున్నప్పుడు ఏర్పడే బలానికి సూత్రం కట్టేశాడు. 1881 జనవరిలో బెర్లిన్ భౌతికశాస్త్ర సంఘంలో దాన్ని వివరించాడు. సారాంశం ఇది: బలం లోతుతో సమానంగా పెరగదు, లోతుకు 1.5 ఘాతంలో పెరుగుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ తాకే వైశాల్యం కూడా పెరుగుతుంది గనుక, మామూలు స్ప్రింగులా కాకుండా, నొక్కేకొద్దీ బిగుసుకునే స్ప్రింగు అది. ఎంత బిరుసు అన్నది యంగ్ గుణకం (పదార్థం గట్టిదనం), పాయిజాన్ నిష్పత్తి (ఒకవైపు నొక్కితే పక్కలకు ఎంత ఉబ్బుతుందో చెప్పేది), గోళీ వ్యాసార్ధం ఈ మూడింటినుంచే వచ్చేస్తుంది. ఊహించి వేయవలసిన అంకె ఒక్కటీ ఉండదు. తాకిడి లెక్కల్లో ఇలాంటి అదృష్టం మళ్లీ దొరకదు.

మల్టీబాడీ సాఫ్ట్‌వేర్ వ్యవహారం వేరు. కారు సస్పెన్షను, గేరుపెట్టె, ట్రాక్టరు గొలుసు, తలుపు గడియ లాంటి యంత్రాంగాల కదలికను అది లెక్కిస్తుంది. ఒక్కో భాగాన్నీ వంగని, నొక్కుకోని ఘనవస్తువుగా తీసుకుంటుంది. వేల భాగాలున్నా లెక్క తేలేది ఈ సరళీకరణ వల్లే. కానీ నొక్కుకోని వస్తువులకు తాకిడి బలం ఎక్కడిది? అందుకని ఒక ఒప్పందం కుదుర్చుకున్నారు. రెండు వస్తువులు ఒకదానిలోకి ఒకటి కొద్దిగా చొచ్చుకుపోవచ్చు. ఆ చొరబాటు లోతునే నొక్కుడుగా భావించి, అంత లోతుకు ఇంత బలమని ఒక కనిపించని స్ప్రింగు వెనక్కి నెడుతుంది. ఇది అందరికీ తెలిసిన, అందరూ ఒప్పుకున్న అబద్ధం. చిక్కు అబద్ధంలో లేదు, ఆ సంగతి మరిచిపోయి ఫలితాలు చదవడంలో ఉంది.

స్ప్రింగు ఒక్కటే ఉంటే గోళీ వదిలిన ఎత్తుకే తిరిగి ఎగురుతుంది, అలా ఎప్పటికీ ఆగదు. శక్తిని తినేది ఏదో ఒకటి కావాలి. తాకిడిలో వేగం ఎంత తగ్గుతుందో న్యూటన్ అప్పటికే కొలిచాడు. 1687 నాటి ప్రిన్సిపియాలో ఉన్ని ఉండలు విడిపోయే వేగం, దగ్గరైన వేగంలో 9కి 5 వంతులనీ, గాజు గోళాలకు 16కి 15 వంతులనీ రాశాడు. ఈ నిష్పత్తికి ప్రత్యవస్థాన గుణకమని పేరు. అది పదార్థానికి అతుక్కున్న స్థిరసంఖ్య అని పాఠ్యపుస్తకాలు అనిపిస్తాయి గానీ, నిజానికి తాకే వేగంతో మారుతుంది. లోహాలకైతే వేగం పెరిగేకొద్దీ తగ్గుతుంది.

ఆ శక్తినష్టాన్ని తెచ్చే తేలిక మార్గం, స్ప్రింగు పక్కన స్కూటరు షాక్ అబ్జార్బరులాంటి డ్యాంపరు ఒకటి పెట్టడం. వేగానికి తగినంత నిరోధం ఇస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది, గ్రాఫు గీసి చూస్తే రెండు తప్పులు బయటపడతాయి. తాకిన మొదటి క్షణంలో నొక్కుడు ఇంకా సున్నా, వేగం మాత్రం పూర్తిగా ఉంది. కాబట్టి బలం సున్నా నుంచి మొదలుకాకుండా ఒక్కసారిగా గెంతుతుంది. చివర్లో ఇంకా విడ్డూరం. గోళీ బయటికి పోతుంటే డ్యాంపరు దాన్ని వెనక్కి లాగుతుంది. ఉక్కు మీద జిగురు పూసినట్టు, పలక గోళీని పట్టుకుంటుంది. 1975లో హంట్, క్రాస్‌లీ అనే ఇద్దరు దీనికి చక్కని విరుగుడు చెప్పారు: నిరోధాన్ని కూడా లోతుతో గుణించండి. లోతు సున్నా అయితే నిరోధమూ సున్నా, గెంతూ ఉండదు, జిగురూ ఉండదు. ఆ నిరోధం ఎంత ఉండాలో ప్రత్యవస్థాన గుణకం నుంచి నేరుగా రాబట్టే సూత్రాన్ని 1990లో లంకరాని, నిక్రవేష్ ఇచ్చారు. ఇప్పటికీ విరివిగా వాడుకలో ఉన్నది అదే. అయితే గుణకం 1కి దగ్గరగా ఉన్నప్పుడే అది సరిగ్గా పనిచేస్తుంది. మెత్తని వస్తువు అనుకుని 0.3 అని ఇస్తే, సిమ్యులేషన్‌లో వస్తువు అంతకంటే బాగా ఎక్కువగానే ఎగురుతుంది. ఆ లోటు తీర్చే సవరణలు తర్వాత చాలా వచ్చాయి. సూత్రం పేరు మాత్రం రాసి, గుణకం ఎంత వాడారో చెప్పని నివేదికను కాస్త అనుమానంగానే చూడాలి.

వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్ దగ్గరికి వస్తే, పరిశ్రమలో అందరికీ తెలిసిన పేరు ఆడమ్స్. అందులో తాకిడి పెట్టగానే తెరుచుకునే పెట్టెలో కొన్ని అంకెలు ముందే నింపి ఉంటాయి. బిరుసు మిల్లీమీటరు లెక్కన 1 లక్ష న్యూటన్లు, ఘాతం 2.2, డ్యాంపింగు 10, అది పూర్తి స్థాయికి చేరే లోతు 0.1 మిల్లీమీటరు. ఇవి ఏ పదార్థానికీ చెందినవి కావు, ఖాళీ ఉండకూడదని నింపినవి. మన గోళీని ఈ అంకెలకే వదిలేస్తే ఏమవుతుందో కాగితం మీదే తేల్చవచ్చు. సెకనుకు 1,000 మిల్లీమీటర్ల వేగంతో వచ్చే గోళీకి, లోతు 0.02 మిల్లీమీటరు దాటేసరికే డ్యాంపరు ఎనిమిది వందల న్యూటన్లకు పైగా నిరోధం ఇస్తుంది, స్ప్రింగు వాటా ఇరవై న్యూటన్ల చిల్లర. దాదాపు 0.034 మిల్లీమీటరు లోతులో గోళీ ఆగిపోతుంది. వచ్చిన శక్తిలో స్ప్రింగులో మిగిలింది నాలుగు శాతం, అదీ బయటికి వచ్చేదారిలో డ్యాంపరుకే పోతుంది. ఉక్కు మీద పడిన ఉక్కు గోళీ తడిమట్టి ముద్దలా చతికిలబడుతుంది. తెరమీద బొమ్మ మాత్రం నున్నగా, నమ్మబలికేలా ఉంటుంది.

సరే, అంకెలు సరిచేద్దాం. హెర్ట్జ్ చెప్పిన అసలు బిరుసే ఇద్దాం. అప్పుడు అడుగు ఒకటి రెండు మైక్రోసెకన్లకు మించకూడదు. మంచి సాఫ్ట్‌వేర్ తాకిడి రాగానే తనంతట తానే అడుగు కుదించుకుంటుంది కాబట్టి గోళీ అంతరిక్షానికి పోదు, లెక్క మాత్రం నత్తనడక నడుస్తుంది. ఒక్క గోళీకి ఫరవాలేదు. రెండు వందల లింకులున్న ట్రాక్టరు గొలుసు ప్రతి పళ్లచక్రం మీదా క్షణక్షణం తాకుతూ ఉంటే, పది సెకన్ల కదలికకు కంప్యూటరు రాత్రంతా రొప్పుతుంది. అందుకే అనుభవం ఉన్న ప్రతి ఇంజినీరూ, కొందరు చెప్పి, ఎక్కువమంది చెప్పకుండా, బిరుసును తగ్గిస్తారు.

తగ్గిస్తే ఏం పోతుంది? బిరుసును నూరో వంతు చేశామనుకుందాం. హెర్ట్జ్ సూత్రం ప్రకారం శిఖర బలం 6.3 రెట్లు పడిపోతుంది, 1,740 కాస్తా 276 న్యూటన్లవుతుంది. తాకి ఉండే సమయం అదే 6.3 రెట్లు సాగి 69 నుంచి 434 మైక్రోసెకన్లకు పెరుగుతుంది. ఇప్పుడు ఈ రెండింటినీ కలిపి చూడాలి. బలం తగ్గిన మేరకే కాలం పెరిగింది. బలాన్ని కాలంతో గుణిస్తే వచ్చే ప్రచోదనం, అంటే గోళీకి తగిలిన మొత్తం నెట్టు, చెక్కుచెదరలేదు. అది గోళీ ద్రవ్యవేగం ఎంత మారింది అన్నదాన్ని బట్టే ఉంటుంది, బిరుసును బట్టి కాదు. కాబట్టి గోళీ ఎంత వేగంతో ఎగిరింది, ఎంత ఎత్తుకు పోయింది, మళ్లీ ఎప్పుడు పడింది అన్నవన్నీ దాదాపు సరిగ్గానే వస్తాయి. పలక మీద పడిన బలం మాత్రం ఆరో వంతుకు పడిపోయింది.

ఈ రంగంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. సిమ్యులేషన్‌లోని కదలికను ప్రయోగంతో పోల్చి చూస్తారు, అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. దాంతో నమూనా రుజువైందని తీర్మానిస్తారు. ఆ ధైర్యంతోనే అదే నమూనా నుంచి శిఖర బలాన్ని తీసి, పిన్ను విరుగుతుందా, గేరు పన్ను నిలుస్తుందా అని లెక్కకు దిగుతారు. కదలిక సరిపోవడం బలానికి సాక్ష్యం కాదు. నూరు రెట్ల తేడా ఉన్న రెండు బిరుసులు దాదాపు ఒకే కదలికను ఇస్తాయని ఇప్పుడే చూశాం. చేతిలో ఉన్న నమూనా ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదో తెలుసుకోవడానికి ఖర్చు లేని ఉపాయం ఉంది: బిరుసును పది రెట్లు పెంచి ఒకసారి, పది రెట్లు తగ్గించి ఒకసారి నడపడం. కావలసిన అంకె కదలకపోతే నమ్మవచ్చు. బిరుసు వెంట అదీ ఊగుతుంటే, ఆ అంకె యంత్రానిది కాదు, పెట్టెలో టైపు చేసినవారిది.

చొరబాటూ స్ప్రింగులూ వద్దనుకునే వర్గం ఇంకొకటి ఉంది. వాళ్ల దృష్టిలో తాకిడికి కాలవ్యవధే లేదు. తాకిన క్షణంలోనే వేగం తటాలున మారుతుంది, లెక్కించవలసింది బలాన్ని కాదు, ప్రచోదనాన్నే. ఫ్రాన్స్‌లో గణితవేత్త మోరో వేసిన పునాది మీద 1996లో స్టీవార్ట్, ట్రింకిల్ ఇచ్చిన పద్ధతి ఈ దారిలో మైలురాయి. సెకనుకు 60 బొమ్మలు గీయవలసిన ఆటల ఇంజన్లు ఈ వైపే మొగ్గడం సహజం. వాటికి మైక్రోసెకన్లు లెక్కపెట్టే తీరిక లేదు. శిఖర బలం ఎంతని అడిగితే ఈ పద్ధతి నిజాయితీగా చేతులెత్తేస్తుంది. తెలియని దాన్ని తెలిసినట్టు చెప్పకపోవడం దాని సుగుణం.

దాని బలహీనత చూడాలంటే క్యారమ్ బోర్డు చాలు. ఆట మొదట్లో నడుమ ఎర్రకాయ, చుట్టూ ఆరు, వాటి చుట్టూ పన్నెండు, మొత్తం 19 కాయలు. అన్నీ బిగుతుగా పేరిస్తే 42 చోట్ల ఒకదానినొకటి తాకుతూ ఉంటాయి. స్ట్రైకరు వచ్చి ఒక కాయను కొట్టగానే ఆ 42 చోట్లా ఒకేసారి ప్రచోదనాలు పుట్టాలి. ఏ జంటను ముందు లెక్కించాలి? ఒక వరుసలో పోతే ఒక జవాబు, వరుస మారిస్తే మరో జవాబు. ద్రవ్యవేగం, శక్తి నిలకడగా ఉండాలన్న నియమాలు మాత్రమే పెట్టుకుంటే తెలియని రాశులు ఎక్కువ, సమీకరణాలు తక్కువ. స్ప్రింగు నమూనాలో ఈ గొడవ ఉండదు. నొక్కుడు కాయ నుంచి కాయకు పాకడానికి కొంచెం సమయం పడుతుంది, ఆ ఆలస్యమే వరుసను నిర్ణయిస్తుంది. నిజమైన బోర్డు మీద జరిగేదీ అదే. కాయల మధ్య వెంట్రుక మందం ఖాళీ ఉన్నా కథ మారిపోతుంది గనుకే, ఒకే ఆటగాడు కొట్టిన రెండు బ్రేకులు ఒకలా ఉండవు.

ఘనవస్తువులకు ఘర్షణ తోడైతే గణితమే అడ్డం తిరుగుతుంది. 1895లో పాల్ పెన్లెవే, తర్వాత ఫ్రాన్స్‌కు ప్రధానమంత్రి కూడా అయినవాడు, ఒక చిన్న ఉదాహరణ చూపించాడు. ఏటవాలుగా పట్టిన కడ్డీని గరుకు నేల మీద జార్చితే, కొన్ని కోణాల్లో సమీకరణాలకు జవాబే ఉండదు, కొన్నిచోట్ల ఒకటికి మించి ఉంటాయి. నల్లబల్ల మీద సుద్దముక్కను వాలుగా పట్టి ముందుకు నెడితే అది కిచకిచమంటూ గెంతి చుక్కల గీత గీస్తుంది. ఈ వైరుధ్యానికి ఉదాహరణగా ఆ సుద్దముక్కనే తరచు చెబుతారు.

స్ప్రింగు నమూనాలు ఘర్షణ విషయంలో వేరే తప్పు చేస్తాయి. వస్తువు నిలిచి ఉన్నప్పుడు ఘర్షణ బలం ఎంతైనా కావచ్చు, పరిమితి దాటనంతవరకు. కదిలే దిశ మారగానే బలం తలకిందులవుతుంది. ఆ నిట్టనిలువు గెంతును సాఫ్ట్‌వేర్ అరిగించుకోలేదు కాబట్టి, గెంతుకు బదులు ఒక వాలు గీస్తారు. ఆడమ్స్ ముందే నింపిన అంకెల ప్రకారం ఘర్షణ గుణకం పూర్తిగా 0.3కి చేరేది, వస్తువు సెకనుకు 100 మిల్లీమీటర్ల వేగంతో జారుతున్నప్పుడే. దీని అర్థం ఏమిటో చూడండి. 8.5 డిగ్రీల వాలు మీద పెట్టిన దిమ్మె కదలకుండా ఉండాలి. 0.3 గుణకంతో 16 డిగ్రీల దాకా అది నిలబడాలి. కానీ దాన్ని ఆపడానికి కావలసిన ఘర్షణ పుట్టాలంటే కొంత వేగం ఉండి తీరాలి. అందుకని దిమ్మె సెకనుకు 35 మిల్లీమీటర్ల చొప్పున, తొందరేమీ లేకుండా, కిందికి పాకుతూ ఉంటుంది. నిమిషానికి 2 మీటర్లు. పాకకుండా చేయాలంటే ఆ వేగ పరిమితిని తగ్గించాలి, తగ్గిస్తే వాలు నిట్టనిలువవుతుంది, అడుగు మళ్లీ చిన్నదవుతుంది. బిరుసు దగ్గర కుదిరిన బేరమే ఇక్కడా. బిగింపు పరికరాల నమూనాల్లో, రోబో చేతి పట్టులో వస్తువు మెల్లగా జారిపోతుంటే ముందుగా చూడవలసింది ఈ అంకెను.

ఆకారం సంగతి చాలామంది పట్టించుకోరు. తాకిడి ఎక్కడో త్వరగా తేల్చడానికి సాఫ్ట్‌వేర్ తరచు నున్నని ఉపరితలాన్ని చిన్న చిన్న చదును పలకలుగా మార్చుకుంటుంది. మన గోళీ చుట్టుకొలతను 36 భుజాలుగా చెక్కితే, తెరమీద గుండ్రంగానే కనిపిస్తుంది. కానీ భుజం మధ్యలో అసలు గోళానికీ చెక్కిన దానికీ తేడా 38 మైక్రోమీటర్లు. హెర్ట్జ్ చెప్పిన నొక్కుడు 23. కొలవాలనుకున్న దానికంటే కొలబద్దలోని వంకరే పెద్దది. అలాంటి గోళీ దొర్లుతుంటే ప్రతి అంచు దగ్గరా బలం ఎగిరిపడుతుంది. ఆ గిలగిలను చూసి బేరింగులో లోపం ఉందనుకోవడం ఎంత తేలికో ఊహించుకోవచ్చు.

ఇన్ని చిక్కుల మధ్య కూడా బలం అంకెను ధైర్యంగా నమ్మే చోట్లు ఉన్నాయి. రైలు చక్రం, పట్టా అలాంటివి. రెండూ ఉక్కు, వంపులు చెక్కినంత కచ్చితంగా తెలుసు, బరువు తెలుసు, తాకే మచ్చ వేలిగోరంత. అక్కడ హెర్ట్జ్ సూత్రాన్ని ఉన్నదున్నట్టే వాడతారు, పక్కకు జారే బలాలకు డచ్చి గణితవేత్త కాల్కర్ 1982లో ఇచ్చిన వేగవంతమైన లెక్కను జోడిస్తారు. చక్రం పట్టాను వదలకుండా దొర్లుతూ ఉంటుంది కాబట్టి మైక్రోసెకన్ల విస్ఫోటాల బెడదా తక్కువ.

ఉక్కు గోళీ అంత సుళువు కాదు. హెర్ట్జ్ లెక్క ప్రకారం ఆ 5 సెంటీమీటర్ల పతనానికే తాకిన మచ్చ నడుమ ఒత్తిడి 3.5 గిగాపాస్కల్స్ దాకా పోతుంది. ఇళ్లకూ వంతెనలకూ వాడే మామూలు ఉక్కు 0.25 గిగాపాస్కల్ దగ్గరే శాశ్వతంగా వంగడం మొదలుపెడుతుంది. అంటే గోళీ ఎంత గట్టిదైనా, పలక మామూలు ఉక్కుదైతే దాని మీద మిల్లీమీటరు లోపు వెడల్పున్న చిన్న సొట్ట మిగులుతుంది. పూర్తి స్థితిస్థాపకత అన్న ఊహ అక్కడే తెగిపోయింది, 1,740 న్యూటన్లన్నది ఒక పై అంచుగా మిగిలింది. అదే చోట గోళీని రెండోసారి వదిలితే అది పడేది చదునైన పలక మీద కాదు, మొదటి సొట్టలో. తాకే వంపు వేరు, బిరుసు వేరు, ఎగిరే ఎత్తు కూడా వేరు.